రుజువులు మీ బీరువాల్లో ఉన్నాయి, మమ్మల్ని తెమ్మంటే ఎలా?

సైన్యం రికార్డు ఆఫీసుల్లో పనిచేస్తున్న అధికారులకు, రక్షణ శాఖలో మాజీ సైనికుల పనులు చూసేవారికి,

నమస్కారం. నేను 2006లో హవల్దార్‌గా రిటైరై సికింద్రాబాద్ అల్వాల్‌లో ఉంటున్నాను. శ్రీలంకలో పనిచేశాను, అక్కడే గాయపడ్డాను. ఈ రెండూ నా రికార్డులో లేవు. సరిచేయమని ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాను. దరఖాస్తు పెట్టాను, గుర్తు చేస్తూ ఉత్తరాలు రాశాను, సమాచార హక్కు కింద అడిగాను, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు కూడా వేశాను. ఆ ఫిర్యాదును పరిష్కారమైందని చూపించి మూసేశారు, లోపల మాత్రం నా పాత ఉత్తరానికి వచ్చిన పాత జవాబే పెట్టారు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. నా రికార్డు ఆఫీసు పేరు, నేను పనిచేసిన యూనిట్ల పేర్లు ఇక్కడ చెప్పను. ఒక ఆఫీసు మీద కోపం తీర్చుకోవడానికి రాయడం లేదు. ఇలాంటి జవాబే వేరే వేరే రికార్డు ఆఫీసుల నుంచి అందుకున్నవాళ్లు మా క్యాంటీన్ లైన్లోనే కనిపిస్తారు.

ముందే ఒకటి చెప్పాలి. నేను అడుగుతున్నది శౌర్య పతకం కాదు. శ్రీలంక పోరాటంలో పరమవీర చక్ర వచ్చింది ఒక్కరికే, 1987 నవంబరు 25న ప్రాణాలిచ్చిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గారికి. అలాంటివారి పక్కన నా పేరు ఉండాలని నేను కలలో కూడా అనుకోను. నేను అడిగేది ఆ ఆపరేషన్‌లో నియమం ప్రకారం పనిచేసిన ప్రతి జవానుకూ హక్కుగా రావలసినదే. ఒకటి, 'శ్రీలంక' అని రాసిన పట్టీ ఉండే స్పెషల్ సర్వీస్ మెడల్. రెండోది శత్రువు చేతిలో గాయపడినవాళ్లకు ఇచ్చే ఊండ్ మెడల్, దాన్నే పరాక్రమ్ పదక్ అని కూడా అంటారు. మొదటి మెడల్ వచ్చినంత మాత్రాన పెన్షన్ ఒక్క రూపాయి పెరగదు. అది తెలిసే అడుగుతున్నాను.

ఈ తరం వాళ్లకు ఆ పోరాటం గురించి పెద్దగా తెలియదు కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను. 1987 జులై 29న కొలంబోలో భారత్, శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మన సైన్యం శాంతి సేన పేరుతో వెళ్లింది. మొదట వెళ్లింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజనే, ఈ సంగతి హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకే చాలామందికి తెలియదు. అక్టోబరు వచ్చేసరికి తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈతో నేరుగా పోరాటం మొదలైంది, దాని పేరు ఆపరేషన్ పవన్. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేనాటికి మనవాళ్లు సుమారు 1,200 మంది చనిపోయారు, దానికి రెట్టింపు కంటే ఎక్కువమంది గాయపడ్డారు. వెళ్లేటప్పుడు అది యుద్ధం అని ఎవరూ అనలేదు, తిరిగొచ్చాక కూడా అనడానికి చాలామంది ఇష్టపడలేదు. కాగితాల మీద నిర్లక్ష్యం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఇక నా సంగతి. నేను ఆర్మీ ట్రాన్స్‌పోర్టులో డ్రైవర్‌ని. 1988లో మాలో కొంతమందిని ఒక ఇన్‌ఫాంట్రీ పటాలానికి అటాచ్ చేసి, అంటే తాత్కాలికంగా జతచేసి, పంపారు. ఉత్తర శ్రీలంకలోని వవునియా వైపు రేషన్ తీసుకెళ్లే కాన్వాయ్‌లో ఒక బండి నాది. రోడ్ ఓపెనింగ్ పార్టీ ముందే నడిచి దారంతా చూసుకుంటూ వెళ్లింది, అయినా కల్వర్టు కింద పాతిపెట్టిన మైను దొరకలేదు. నా ముందు బండి దాటిపోయింది, నా బండి ఎక్కగానే పేలింది. నా ఎడమ తొడలో ఇనుప ముక్కలు దిగాయి. ఎముక పక్కన ఉన్న ఒకదాన్ని తీస్తే నరం దెబ్బతింటుందని డాక్టర్లు వదిలేశారు, ఇప్పటికీ ఎక్స్‌రే తీస్తే వడ్లగింజంత తెల్లగా కనిపిస్తుంది. కుడి చెవి వినపడదు. పక్క సీట్లో కూర్చున్న ఎస్కార్ట్ జవాను అక్కడికక్కడే పోయాడు. అతను ఆ పటాలం మనిషి కాబట్టి అతని సంగతి అంతా సరిగ్గా రికార్డయింది. అదే పేలుడులో గాయపడిన నేను మాత్రం ఎక్కడా లేను.

ఇలా ఎలా జరుగుతుందని సివిల్‌లో ఉన్నవాళ్లు అడుగుతారు. జవాను జీవితంలో జరిగే ప్రతిదీ, పెళ్లి, పిల్లలు, ప్రమోషను, గాయం, మెడల్, యూనిట్ వాళ్లు పార్ట్ టూ ఆర్డర్‌గా ప్రచురించి రికార్డు ఆఫీసుకు పంపాలి. అక్కడ అది షీట్ రోల్‌లో, అంటే జవాను సర్వీసు చిట్టాలో, ఎక్కుతుంది. ఎక్కితేనే జరిగినట్టు, ఎక్కకపోతే జరగనట్టే. అటాచ్‌మెంట్ మీద వెళ్లినవాడి విషయంలో, మనిషి పటాలం దగ్గర ఉన్నాడు కదా వాళ్లే ఆర్డర్ వేస్తారని సొంత యూనిట్ ఊరుకుంటుంది. వీడు మన మనిషి కాదు, వాళ్లే వేసుకుంటారని పటాలం ఊరుకుంటుంది. నా గాయం ఆ ఇద్దరి మధ్యలో జారిపోయింది. అది చాలదన్నట్టు ఆస్పత్రి కాగితంలో కారణం దగ్గర 'వాహన ప్రమాదం' అని రాశారు. డ్రైవరు, బండి, గాయం, మూడూ ఒకచోట కనబడేసరికి రాసిన క్లర్కుకు అదే తోచి ఉంటుంది. నేనప్పుడు ఆ కాగితం చూసే స్థితిలో లేను. నా డిశ్చార్జి బుక్ తీసి చూడండి, మెడల్స్ పేజీలో మూడే ఉన్నాయి: 9 ఏళ్ల సర్వీసు మెడల్, 20 ఏళ్ల సర్వీసు మెడల్, స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లయిన సందర్భంగా ఇచ్చిన మెడల్. నీలం సిరాతో పొందిగ్గా రాసి, ఇంకేం లేవన్నట్టు కింద అడ్డంగా గీత కొట్టారు.

అడిగితే వచ్చే జవాబులు ఇవి. రికార్డు ఆఫీసు, 'మీ యూనిట్‌ను సంప్రదించండి' అంటుంది. యూనిట్, 'అంత పాత కాగితాలు మా దగ్గర ఉండవు, రికార్డు ఆఫీసును అడగండి' అంటుంది. మళ్లీ రికార్డు ఆఫీసుకు రాస్తే, 'మీ దగ్గర ఉన్న ఆధారాలు జతచేయండి' అంటుంది. సార్, నా దగ్గర ఆధారాలు ఎలా ఉంటాయి? ఆపరేషన్ కాగితాలు జవాను దగ్గర ఉంచుకోకూడదని మాకు నేర్పింది మీరే. ఇంటికి రాసిన ఉత్తరాలు మా ఆవిడ దాచింది, అవి పంపాను. వాటి మీద ఆర్మీ పోస్టాఫీసు నంబరు తప్ప ఊరి పేరు ఉండదు, ఎక్కడున్నామో తెలియకూడదనే కదా ఆ ఏర్పాటు! 'ఈ ఉత్తరాల్లో స్థలం పేరు లేదు' అని తిప్పి పంపారు. సైన్యం నియమం పాటించినందుకు సైన్యమే నన్ను తప్పు పడితే నేనెవరికి చెప్పుకోవాలి?

ఆధారాలు లేకపోలేదు. గాయపడిన ప్రతి మనిషి గురించీ ఆ రోజే క్యాజువాలిటీ సిగ్నల్ వెళ్తుంది. ఆస్పత్రిలో చేరిక రిజిస్టరు ఉంటుంది. పటాలం రోజూ వార్ డైరీ రాస్తుంది, ఏ రోజు ఏ రోడ్డు మీద ఏం జరిగింది, ఎంతమంది పోయారు, ఎంతమంది గాయపడ్డారు, అన్నీ అందులో ఉంటాయి. వార్ డైరీల వంటి రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బహిరంగపరచాలని, 25 ఏళ్లు దాటినవాటిని పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు ఇవ్వాలని రక్షణ శాఖే 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. శ్రీలంక నుంచి మనం తిరిగొచ్చి 35 ఏళ్లు దాటింది. అంటే ఇందులో రహస్యం అనడానికి ఇప్పుడేమీ లేదు. తెరిచి చూసే మనిషి కావాలి, అంతే. ఆ తెరిచే అధికారం మీకుంది, నాకు లేదు.

ఇది నా ఒక్కడి గోడు అయితే ఇంత పొడుగ్గా రాసేవాణ్ని కాదు. రికార్డులో ఒక్క లైను లేకపోతే మామూలు ఇళ్లలో ఏమవుతుందో కింద రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

1. గాయం ఎలా తగిలిందన్న దాని మీదే పెన్షన్ ఆధారపడుతుంది. సర్వీసు పూర్తిచేసుకుని బయటికొచ్చిన జవానుకు 100 శాతం వైకల్యం ఉంటే, మామూలు డిసెబిలిటీ కింద చివరి జీతంలో 30 శాతం లెక్క కడతారు. అదే యుద్ధ గాయం అయితే 60 శాతం. వైకల్యం తక్కువైతే అదే దామాషాలో తగ్గుతుంది. అంటే 'మైను పేలుడు' అని రాయాల్సిన చోట 'వాహన ప్రమాదం' అని రాస్తే ఆ ఇంటికి వైకల్యం కింద వచ్చేది జీవితాంతం సగమే. ఊండ్ మెడల్‌కి పట్టుబట్టడం ఛాతీ మీద పెట్టుకోవడానికేనని కొందరు ఆఫీసర్లు అనుకుంటున్నారు. కాదు సార్. మెడల్ ఎక్కాలంటే గాయం శత్రువు వల్ల అయిందని మీరు ఒప్పుకోవాలి, అది ఒప్పుకుంటే పెన్షన్ కాగితం కూడా తిరిగి చూడాల్సి వస్తుంది. రెండూ ఒకే లైను దగ్గర ఆగిపోయాయి.

2. భర్త పోయిన ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో అయితే తరతరాలుగా ఫౌజీలు ఉన్నారు, కాగితం చూసి ఇది ఫలానా అని చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఊరు మొత్తానికి ఒక్కడే సైన్యానికి వెళ్లిన చోట ఆమెకు ఎవరు చెప్తారు? మా కాలనీలో ఒక అమ్మ ఉంది, పేరు రాయను. భర్త మంచుకొండల్లో పనిచేశాడని తెలుసు, ఎక్కడో తెలియదు, ఏ సంవత్సరమో తెలియదు. ఆయన కాలివేళ్లు రెండు లేవు, మంచుకు పోయాయి. అవి ఎక్కడ పోయాయో రాసిన కాగితం లేదు. ఇంగ్లీషులో వచ్చిన మీ జవాబు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది, చదివితే 'పూర్తి వివరాలతో మళ్లీ దరఖాస్తు చేసుకోగలరు' అని ఉంది. ఆ వివరాలు తెలిసిన మనిషి చనిపోయాడు కాబట్టే కదమ్మా నిన్ను అడుగుతున్నారు అని ఆమెకు నేను ఏ నోటితో చెప్పాలి?

3. పెన్షన్ లేకుండా, అంటే కొద్ది ఏళ్లకే బయటికొచ్చిన జవాన్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేయొచ్చని ఆర్మీ నిబంధనల్లోనే ఉంది. శ్రీలంక వెళ్లొచ్చి 1990ల్లో ఇంటికొచ్చేసినవాళ్లకు ఆ గడువు ఎప్పుడో దాటింది. వాళ్లకు వార్ డైరీలే దిక్కు.

4. మన పేర్లతో వచ్చే తిప్పలు మన వాళ్లకే తెలుసు. భర్తీ రోజున క్లర్కు చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనక, కొందరికి అసలు లేదు. వెంకటేశ్వర్లు ఒక కాగితంలో వెంకటేశ్వరరావు అయ్యాడు. ఒకే కంపెనీలో ఇద్దరు సత్యనారాయణలు ఉంటే ఒకరి మెడల్ ఇంకొకరి రోల్‌లో ఎక్కిన సందర్భాలు నాకు తెలుసు. ఆర్మీ నంబరు సరిపోతున్నా పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని దరఖాస్తు తిప్పి పంపుతున్నారు. నంబరు మీరే ఇచ్చారు కదా, దాన్నైనా నమ్మండి.

5. సాక్షులు వెళ్లిపోతున్నారు. అప్పుడు పాతికేళ్లున్న కుర్రాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి, మా సుబేదార్ సాబ్‌లు ఎనభైల్లో ఉన్నారు. నా బండి వెనక బండి నడిపిన మనిషి కరోనాలో పోయాడు. 1971 వాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, ఆ యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చే పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ మెడల్స్ రావాల్సి ఉండి రాని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు ఒక్కో ఉత్తరానికి ఏడాది తీసుకుంటే ఆ ఏడాదిలో ఇటువైపు ఎవరు మిగులుతారో చెప్పలేం.

6. గౌరవం. తిరుమలగిరి లాల్ బజార్‌లో ఏ మెడల్ నకలు కావాలన్నా దొరుకుతుంది, రిబ్బన్ కుట్టి కోటుకు పెట్టుకునేలా చేసిస్తారు. కొనుక్కుని పెట్టుకోరాదా అని మా అబ్బాయే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అసలు మెడల్ అంచు మీద చిన్న అక్షరాల్లో జవాను నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. కొన్నదాని అంచు ఖాళీగా ఉంటుంది. రికార్డులో లేనిది ఛాతీ మీద పెట్టుకుని పరేడ్ గ్రౌండ్స్ సైనిక స్మారకం దగ్గర నిలబడలేను.

ఇప్పుడు అడగాల్సినవి అడుగుతాను. ఇందులో ఏదీ కొత్త చట్టం చేయాల్సినంత పెద్ద పని కాదు.

అన్నిటికంటే ముఖ్యం, రుజువు తెచ్చే బాధ్యత దరఖాస్తుదారుడి మీద నుంచి తీసేయండి. జవాను తన నంబరు, యూనిట్, సుమారు కాలం చెప్తే చాలు, వార్ డైరీ, క్యాజువాలిటీ సిగ్నల్, ఆస్పత్రి రిజిస్టరు వెతికించే పని రికార్డు ఆఫీసు చేయాలి. డైరీ ఆర్కైవ్స్‌కు వెళ్లి ఉంటే అక్కడికి మీరే రాయండి. అల్వాల్‌లో కూర్చున్న నేను ఢిల్లీ వెళ్లి వెతకలేను, కుంటికాలితో అసలే వెతకలేను.

అటాచ్‌మెంట్ మీద వెళ్లినవాళ్ల విషయం విడిగా చూడండి. డ్రైవర్లు, సిగ్నల్ వాళ్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, వంటవాళ్లు, బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగం మెకానిక్కులు, వీళ్లంతా వేరే పటాలాలతో కలిసి ఆపరేషన్‌లోకి వెళ్లినవాళ్లే. వాళ్ల పేర్లు ఎక్కించుకున్న పటాలం రేషన్ రోల్‌లోనో, పేర్ల జాబితా అయిన నామినల్ రోల్‌లోనో ఉంటాయి, సొంత యూనిట్ కాగితాల్లో వెతికి 'లేదు' అనడం అన్యాయం.

'రికార్డు లభ్యం కాలేదు' అని ఒక్క లైను రాసి పంపకండి. ఏ ఏ కాగితాలు వెతికారు, ఎక్కడ వెతికారు, ధ్వంసం చేసి ఉంటే ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో చేశారు, అన్నీ రాయండి. జవాబు మీద ఇది తుది నిర్ణయమా కాదా అన్నది కూడా రాయండి. ఎందుకంటే తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. మీరు 'పరిశీలనలో ఉంది' అని రాస్తూ పోతే అది తుది జవాబో కాదో తెలియక ముసలివాళ్లు ఆగిపోతున్నారు. ఆ కేసు వేయడానికి వకీలు ఫీజు ఎంతో మీకూ తెలుసు. మా ఇళ్లకు అది మామూలు ఖర్చు కాదు.

కాగితాలు నిజంగానే పోయిన చోట, అదే ఆపరేషన్‌లో ఉండి మెడల్ అందుకున్న ఇద్దరు తోటి సైనికుల అఫిడవిట్ చాలని నిర్ణయించండి. అబద్ధం చెప్పినవాడి మీద చర్య తీసుకోండి, మేమెవరం అడ్డం రాం. కానీ ఎవడో ఒకడు అబద్ధం చెప్తాడేమోనని వందమంది నిజాన్ని పక్కన పెట్టడం సరికాదు.

గాయం కేసుల్లో మెడల్‌నూ పెన్షన్‌నూ రెండు వేరే దరఖాస్తులుగా తిప్పకండి. శత్రువు వల్లే గాయమైందని తేలితే, అదే ఫైలు మీద యుద్ధ గాయం పెన్షన్ కూడా సవరించి, పాత బకాయిల సంగతి తేల్చండి.

సమాచార హక్కు చట్టంలో 30 రోజుల గడువు ఉంది. మెడల్ దరఖాస్తుకూ అలాంటి గడువు ఒకటి పెట్టండి, ఎన్నాళ్లన్నది మీరే నిర్ణయించండి, పెట్టినదాన్ని పాటించండి. భర్త పోయిన ఆడవాళ్లకు పంపే జవాబు తెలుగులో కూడా ఉండాలి. ఏడాదికి ఒకసారైనా సికింద్రాబాద్‌లో రికార్డు ఆఫీసుల ప్రతినిధులను కూర్చోబెట్టి క్యాంపు పెట్టండి. పెన్షన్ అదాలత్‌లు పెడుతున్నారు కదా, అక్కడే ఒక బల్ల దీనికి కేటాయించినా సరిపోతుంది.

తోటి మాజీ సైనికులకు కూడా ఒక మాట. మీ డిశ్చార్జి బుక్‌లో మెడల్స్ పేజీ, మెడికల్ పేజీ ఈరోజే తీసి చూడండి. మీరు పనిచేసిన చోట్లకూ అక్కడ రాసినదానికీ తేడా ఉంటే, మీ తోటివాళ్లు బతికుండగానే వాళ్ల చేత అఫిడవిట్ రాయించి నోటరీ చేయించండి. ఏ యూనిట్‌తో, ఏ నెలల్లో, ఏ ఊళ్లో ఉన్నారో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి. ఆన్‌లైన్ తెలియనివాళ్లకు అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఉన్న మేం కొంతమందిమి దరఖాస్తులు రాసిపెడుతున్నాం.

ఈ లేఖ ప్రతిని నా పాత దరఖాస్తుల నంబర్లతో కలిపి రిజిస్టర్ పోస్టులో మా రికార్డు ఆఫీసుకు పంపుతున్నాను. 1988 నాటి ఆ పటాలం వార్ డైరీ తెరిపించి చూశారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు ముందు జవాబు ఇవ్వండి. చూడకపోతే చూసి చెప్పండి. చూసి అందులో నా బండి సంగతి లేదని తేలితే, ఆ రోజు పేజీ నకలు నాకు పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్,
అల్వాల్, సికింద్రాబాద్